పద్నాలుగు కార్ల మీద గీతలు

పేరు పై గడిలో రాయించాను. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు, ఆ రోడ్డు మీద అందరికీ నేను నురగక్కను. వయసు నలభై ఆరు. వృత్తి కార్లు కడగడం. "సోమవారం నుంచి పని లేదన్నావుగా, ఈ గడిలో ఏం రాయమంటావు?" అని రాసే కానిస్టేబుల్ గారు అడిగారు. పోయింది ఉద్యోగం, పని కాదు. అలాగే రాయమన్నాను.

ఆదివారం ఉదయం పది గంటలకు స్టేషన్‌లో, ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ నేర్పకుండా చెబుతున్నాను. నా మీద ఇచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. నిన్న శనివారం పదకొండు ఇరవైకి నేను వాషింగ్ సెంటర్‌లోకి చొరబడి, కార్లు కడిగే మెషిన్ బ్రష్షుల్లో ఇసుక చల్లానట. దానివల్ల పద్నాలుగు కార్లకు గీతలు పడ్డాయట. ఫిర్యాదు ఇచ్చింది సెంటర్ యజమాని. కళ్ళారా చూశానని కింద సాక్షి సంతకం పెట్టింది ఆ మెషిన్ నడిపే మనిషి. ఆయన నా భర్త.

నేను ఇసుక చల్లలేదు. అలాగని నేనేమీ చేయలేదని కూడా అనను. వరసగా చెబుతాను, వరసగానే రాయండి.

ఆ సెంటర్‌లో మేమిద్దరం పంతొమ్మిదేళ్ళు కలిసి పనిచేశాం. మా ఆయన గన్‌తో నీళ్ళు కొట్టేవాడు, నేను షాంపూ పెట్టి రుద్దేదాన్ని. చేత్తో కడగడమంటే గుడ్డ తీసుకుని తుడిచేయడమే అనుకుంటారు చాలామంది. ముందు పైనుంచి కిందికి నీళ్ళు కొట్టి మట్టిని నాననివ్వాలి. అదంతా జారిపోయేదాకా బండిని చేత్తో ముట్టుకోకూడదు. ఆ తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. ఒక డోరు రుద్దాక గుడ్డను ఉత్త నీళ్ళలో జాడించి, అప్పుడు మళ్ళీ షాంపూలో ముంచాలి. కింద పడిన గుడ్డ తిరిగి బాడీ మీదికి రాకూడదు, పడిన క్షణం నుంచి అది చక్రాల గుడ్డ. ఇన్నేళ్ళలో నా చేతి కింద ఒక్క కారుకు గీత పడలేదు. గొప్పకు చెప్పడం లేదు. కేసంతా గీతల మీదే నడుస్తోంది కాబట్టి చెబుతున్నాను.

నాలుగు నెలల కిందట మెషిన్ వచ్చింది. అటూ ఇటూ మనిషెత్తు నిలువు బ్రష్షులు, పైన అడ్డంగా ఇంకొకటి. కారు లోపల నిలబెట్టి బటన్ నొక్కితే ఏడు నిమిషాల్లో కడిగి, ఆరబెట్టి వదిలేస్తుంది. దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్ మంచివాడు. బ్రష్షు పోగులు నా చేతికిచ్చి చూపించాడు. "ఇవి మెత్తటివే అక్కా, మట్టి లేని బండికి ఏమీ కాదు. కంకర చిక్కుకుందంటే మాత్రం ఇదే ఉప్పుకాగితం. మట్టి బండ్లు ముందు చేత్తో కడిగే లోపలికి పంపండి" అన్నాడు. ఆ మాట బోర్డు మీద కూడా రాయించారు. ఆ బోర్డు ఇప్పటికీ మెషిన్ పక్కనే ఉంది, మీరు వెళితే కనిపిస్తుంది. అలా నాకు మెషిన్‌కు ముందు మట్టి వదిలించే పని మిగిలింది, మా ఆయనకు బటన్ పని వచ్చింది.

సోమవారం ఉదయం తొమ్మిదింపావుకు యజమాని మా ఇద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఆయన చెడ్డవాడని నేననను. తొందరమనిషి. కూర్చున్నప్పుడు కూడా చెప్పులు సగం వేసుకునే కూర్చుంటాడు.

"మెషిన్ ఏడు నిమిషాల్లో వదిలేస్తోంది. బండి నీ దగ్గరే పదకొండు నిమిషాలు ఆగుతోంది. వరస చూసి జనం వెనక్కి తిరిగిపోతున్నారు" అన్నాడు.

"మట్టితోనే లోపలికి పంపితే గీతలు పడతాయి సార్."

"పడ్డప్పుడు చూద్దాంలే. ఇకనుంచి ఇక్కడ ఒక్కరికే పని. ఎవరుంటారో మీరిద్దరూ మాట్లాడుకోండి. టీ తాగి వచ్చి చెప్పండి."

టీ దాకా వెళ్ళలేదు. మా ఆయన అక్కడే నిలబడి, "నేనుంటాను సార్" అన్నాడు. నా భుజం మీద తడి గుడ్డ ఇంకా అలాగే ఉంది. బయటికి వచ్చాక, "నీ వేలు ఎలాగూ పడదుగా" అన్నాడు. హాజరుకు కొత్తగా పెట్టిన వేలిముద్ర యంత్రం సంగతి అది. షాంపూలో నాని నాని నా వేళ్ళ మీద రేఖలు అరిగిపోయాయి, ఏ వేలు పెట్టినా ఆ యంత్రం ఎర్ర దీపమే వేస్తుంది. ఏరు దాటాక తెప్ప తగలేయడం యజమానులకు కొత్త కాదు. ఆ తెప్ప మీద నా పక్కన కూర్చుని వచ్చినవాడే అగ్గిపెట్టె అందిస్తే ఏమనాలో నాకు తెలియలేదు.

ఆ రోజు ఇంట్లో నేను గొడవ పడలేదు. వడ్డించాను. తిన్నాడు. ఉప్పు తగ్గిందన్నాడు. లేచి ఉప్పు తెచ్చాను. ఇది కేసుకు సంబంధం లేదని కానిస్టేబుల్ గారు అంటున్నారు. ఉన్నా లేకపోయినా రాయండి.

బుధవారం నుంచి రోడ్డుకు అవతలి పక్క, టైర్ల షాపు ముందు కార్లు కడగడం మొదలుపెట్టాను. ఆ షాపాయన్ని అందరూ టైర్ల బాబాయి అంటారు. "కుళాయి ఊరికే కారిపోతోంది, వాడుకో నురగక్కా, నాకు గుమ్మం చల్లబడుతుంది" అన్నాడు. రెండు బకెట్లు నా సొంతం, అవి తెచ్చుకున్నాను. మూడు రోజుల్లో ఆరు కార్లు నా దగ్గరికి వచ్చాయి. మిగతావాళ్ళు ఎదురుగా మెషిన్‌లోకి తిప్పేవాళ్ళు. అద్దం సగం దించి, "ఇవాళ తొందరలో ఉన్నా నురగక్కా, వచ్చేసారి నీ దగ్గరికే" అనేవాళ్ళు. వాళ్ళను నేను తప్పుపట్టలేదని చెబితే అబద్ధం, పట్టాను. తొందర ఒక్కటే కారణం కాదు. మెషిన్ దగ్గర మొహమాటం ఉండదు. అది ఎవరినీ ఏమీ అడగదు. నేను అడుగుతాను, ఈ సొట్ట ఎప్పటిది, ఈ వెనక సీటు మీద వాంతి ఎవరిది, పిల్లకు ఒంట్లో బాగుందా అని. నన్ను కాదని దాన్ని ఎంచుకోవడానికి నా ఈ ప్రశ్నలు కూడా కారణమై ఉంటాయి.

ఇప్పుడు శనివారం సంగతి. నేను ఎనిమిదింపావుకు టైర్ల షాపుకు వచ్చాను. ఎనిమిదిన్నరకు మెషిన్ మొదలైంది. రెండు కార్లు శుభ్రంగా వెళ్ళాయి. ఎనిమిది యాభై ఐదుకు రోడ్డు పనుల కాంట్రాక్టరు జీపు వచ్చింది. టైము ఎలా తెలుసని అడిగారు. టైర్ల బాబాయి షాపులో గోడ గడియారం నాకు ఎదురుగా ఉంటుంది. ఆ జీపుకు కిటికీల దాకా మట్టి ఉంది, మట్టిలో కంకర, కంకరకు తారు. మట్టి వదిలించకుండా అలాంటి బండిని లోపలికి పంపేవాడు మా పనిలో ఎవడూ ఉండడు.

మా ఆయన జీపు చుట్టూ తిరిగి చూశాడు. వేలితో మడ్‌గార్డు మీద గోకాడు. తర్వాత తలెత్తి రోడ్డు ఇవతలికి, నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరికీ ఒకే సంగతి తెలుసు. నేను ఒక్క చెయ్యి ఊపితే చాలు. నేను తల దించుకుని చేతిలో ఉన్న కారు అద్దం తుడుచుకున్నాను. ఆయన బటన్ నొక్కాడు.

జీపు వెళ్ళాక బ్రష్షులు ఎలా ఉన్నాయో నాకు ఇవతలినుంచే కనిపించింది. నీలం పోగులు నల్లగా, బరువుగా వేలాడుతున్నాయి. ఆ తర్వాత తొమ్మిదీ ఐదుకు బట్టల షాపాయన తెల్ల కారు వెళ్ళింది. దానితో కలిపి పదకొండింటి దాకా ఒకటొకటిగా మొత్తం పదమూడు కార్లు వెళ్ళాయి. నేను లెక్కపెట్టాను. అద్దం సగం దించి వచ్చేసారి అన్నవాళ్ళ కార్లు అందులో నాలుగున్నాయి. నాకు సంతోషం వేసింది. కానిస్టేబుల్ గారు కలం ఆపారు. ఆపకండి, రాయండి. గీతలు పడనీ, బాగా పడనీ, అప్పుడు తెలుస్తుంది చెయ్యంటే ఏంటో అనుకున్నాను. రెండు గంటలు అలా అనుకుంటూనే ఉన్నాను. నోరు తెరవకపోవడం నేరమైతే ఆ నేరం నాది, దానికి ఏ సెక్షన్ ఉంటే అది వేయండి. ఇసుక మాత్రం నేను చల్లలేదు.

పదకొండు ఇరవైకి నర్సమ్మ గారి కారు వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో పెద్ద నర్సు, వచ్చే నెల రిటైరవుతున్నారు. ముదురు నీలం రంగు కారు. పదిహేనేళ్ళుగా ఆ కారు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. కంపెనీ నుంచి వచ్చిన రంగే ఇప్పటికీ ఉంది, ఒక్కసారి కూడా పెయింట్ వేయించలేదు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నన్ను ఆసుపత్రికి ఆ కారులోనే తీసుకెళ్ళారు. ఆవిడ నా వైపు సిగ్నల్ వేసి, ఒక క్షణం ఆగి, సిగ్నల్ తీసేసి మెషిన్ వైపు తిప్పారు. నా వైపు చూడలేదు. సిగ్గుపడ్డారని నాకు అర్థమైంది. కడుపు మండింది. మండినా సరే, చేతిలో గుడ్డ అక్కడే వదిలేసి రోడ్డు దాటాను. చేతుల నిండా నురగే.

నేను వెళ్ళేసరికి కారు లోపల నిలబడి ఉంది, బ్రష్షులు ఆగి ఉన్నాయి. టైర్ల షాపులో గాలి కొట్టే మోటారు కూడా ఆగి ఉంది. పైనుంచి నీటి చుక్కలు పడే చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. ఈ మాట ప్రత్యేకంగా రాయండి.

"ఆ బండి ఆపు. బ్రష్షుల నిండా జీపు కంకరుంది" అని నా భర్తకు చెప్పాను.

"తెలుసు" అన్నాడు.

"తెలిసే నొక్కుతున్నావా?"

"నా పని బటన్ వరకే. ఆయన ఏ బండీ ఆపొద్దన్నాడు. నువ్వెళ్ళిపో, చూశాడంటే నాకు మాటొస్తుంది."

"అది నర్సమ్మ గారి బండి."

"ఎవరిదైతే ఏంటి? వరసలో వచ్చింది."

నొక్కాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఏడు నిమిషాలు ఎంతసేపో అంతకుముందు నాకు తెలియదు. లోపల కూర్చున్న ఆవిడకు నురగ తప్ప ఏమీ కనిపించదు.

కారు ఎండలోకి వచ్చింది. రెండు డోర్ల మీదా, బానెట్ మీదా, కొడవలి వంపులో గీతలు, ఒకదాని పక్కన ఒకటి. నర్సమ్మ గారు దిగి చూశారు. వేలు పెట్టి తడిమారు. తిరిగి నావైపు చూసి, "ఇదేంటి నురగక్కా?" అన్నారు. నన్నే అడిగారు. బటన్ పక్కన నిలబడ్డ మనిషిని అడగలేదు.

ఎందుకు పడ్డాయో చూపిద్దామని నేను ఆగి ఉన్న బ్రష్షులోకి చెయ్యి పెట్టి, చిక్కుకున్న కంకర గుప్పెడు లాగాను. అప్పుడే యజమాని ఆఫీసు గదిలోంచి వచ్చాడు. "ఇసుక చేతిలోనే ఉంది, ఇంకేం కావాలి! ఎదురుగా దుకాణం పెట్టింది చాలక నా మెషిన్ నాశనం చేస్తావా?" అని అరిచాడు. మా ఆయన వైపు తిరిగి, "చల్లిందా లేదా? నువ్విక్కడే ఉన్నావుగా!" అన్నాడు. మా ఆయన చొక్కా అంచుతో చేతులు తుడుచుకున్నాడు. యజమాని రెండోసారి అడిగాడు. మూడోసారి అడిగితే మా ఆయన, "చల్లింది సార్" అన్నాడు. అనేటప్పుడు నా వైపు చూడలేదు, నా గుప్పిట వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నమే మిగతా పదమూడు కార్లవాళ్ళూ ఒక్కొక్కరే ఇంటి దగ్గర చూసుకుని తిరిగొచ్చారు. ఫిర్యాదులో పద్నాలుగు అని అలా వచ్చింది. కానీ యజమాని ఆ తొందరలో గడియారం చూసుకోలేదు. నేను పదకొండు ఇరవైకి చల్లితే, తొమ్మిదీ ఐదుకు వెళ్ళిపోయిన తెల్ల కారుకు గీతలెలా పడ్డాయి? ఈ ప్రశ్న నిన్న ఇన్‌స్పెక్టర్ గారు కూడా అడిగారు. తెల్ల రంగు మీద గీత తేలిగ్గా కనిపించదు. సాయంత్రం ఏటవాలు ఎండలో నిలబెట్టి చూడండి, అన్నింటికంటే లోతైన గీతలు దాని మీదే ఉంటాయి, ఎందుకంటే జీపు తర్వాత మొదటిది అదే. కార్లు పోయేకొద్దీ కంకర రాలుతూ వస్తుంది, గీత పలచబడుతూ వస్తుంది. జీపుకంటే ముందు వెళ్ళిన రెండు కార్లనూ పిలిపించండి, ఒక్క గీత ఉండదు. ఇంకొకటి, నా గుప్పిట్లో ఉన్నదాన్ని నేను పారేయలేదు. నిన్న పోలీసులు నన్ను తీసుకొచ్చినప్పుడు స్టేషన్ దాకా అలాగే పట్టుకొచ్చి ఈ బల్ల మీద పెట్టాను. అది ఇసుక కాదు, తారు అంటిన కంకర. టైర్ల బాబాయి గుమ్మంలో తారు లేదు, నా బకెట్లలో లేదు. ఆ జీపుకు ఉంది.

శనివారం సాయంత్రం ఐదింటికి మా ఆయన స్టేషన్‌కు వచ్చాడు. బయట బెంచీ మీద నా పక్కన, ఇంకో మనిషి కూర్చునేంత దూరంలో కూర్చున్నాడు. తిన్నావా అని అడిగాడు. తినలేదన్నాను. అప్పుడు యజమాని పంపిన మాట చెప్పాడు. నేను క్షమాపణ రాసిచ్చి, ఇకమీదట ఆ రోడ్డు మీద కార్లు కడగనని సంతకం పెడితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట.

"పెట్టెయ్, అయిపోతుంది" అన్నాడు. "ఇద్దరికీ పోతే తినేదెలా? కాస్త ఆలోచించు."

"నేను చెప్పింది విన్నావా లేదా?"

"మెషిన్ చప్పుడులో ఏం వినపడుద్ది?"

"మెషిన్ ఆగుంది. తెలుసు అన్నావు."

"అలా అన్లేదు."

"అన్నావు."

"అన్లేదే. గుర్తులేదు."

అంతే. ఆయన వెళుతూ వెళుతూ, ఇంటి తాళం నా పక్కన బెంచీ మీద పెట్టాడు. నేను ముట్టుకోలేదు. ఆరింటికి టైర్ల బాబాయి పూచీ మీద నన్ను పంపించారు. ఆ రాత్రి మా చెల్లెలి ఇంట్లో పడుకున్నాను. తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుందో నాకు తెలియదు.

నర్సమ్మ గారు నిన్న వాంగ్మూలం ఇచ్చారని, అందులో నా తప్పు లేదన్నారని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. ఆవిడకు కృతజ్ఞతలు. సిగ్నల్ తీసేసిన సంగతి కూడా ఆవిడ చెప్పారట. చెప్పనవసరం లేదు. ఎవరైనా ఎటైనా తిప్పుకోవచ్చు, బండి వాళ్ళది.

మొత్తం రాశాక కానిస్టేబుల్ గారు చదివి వినిపించారు. టైములు సరిగ్గా ఉన్నాయి. కార్ల లెక్క సరిగ్గా ఉంది. ఒక్కచోట మాత్రం, పదకొండు ఇరవై దగ్గర, "మెషిన్ ఆపరేటర్‌కు చెప్పాను" అని రాశారు. నేను అలా చెప్పలేదన్నాను. ఇన్‌స్పెక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా వివరించారు. ఆపరేటర్ అని ఉంటే యజమాని ఆజ్ఞ ప్రకారం చేసినట్టవుతుందట, భారం యజమాని మీదికి పోతుందట, మా ఆయన చాలావరకు బయటపడతాడట. "మీ ఇంటికే మంచిదమ్మా, ఆలోచించుకో" అన్నారు. ఆయన మంచికే చెప్పారు.

ఆలోచించుకునే చెబుతున్నాను. ఆపరేటర్‌కు చెప్పాల్సింది మెకానిక్ నాలుగు నెలల కిందటే చెప్పి వెళ్ళాడు, అదంతా బోర్డు మీద ఉంది. నేను రోడ్డు దాటి వెళ్ళింది ఆపరేటర్ కోసం కాదు. పంతొమ్మిదేళ్ళు నా పక్కన నిలబడి నీళ్ళు కొట్టిన మనిషి నా మాట వింటాడని వెళ్ళాను. విన్నాడు కూడా. వినపడలేదని రాయకండి, వినలేదని కూడా రాయకండి. యజమాని మాట విన్నాడు, నా మాట విన్నాడు, రెండూ విని ఒకటి ఎంచుకున్నాడు. అందుకని ఆ చోట ఆపరేటర్ అన్న మాట కొట్టేయించి, "నా భర్తకు" అని రాయించాను. ఆ దిద్దుబాటు పక్కన కూడా నా సంతకం ఉంది.

పైన ఉన్నదంతా నేను చూసింది, చేసింది, చేయకుండా ఊరుకున్నది. ఇందులో నాకు తెలిసి అబద్ధం లేదు, దాచుకున్నది లేదు. ఎక్కడ అడిగినా ఇదే చెబుతాను.

(సంతకం)
ఆదివారం, పన్నెండు గంటల పది నిమిషాలు